పట్టుబడినవాడికే చివరి కూత

మా ఆదోని కాలేజీ కబడ్డీ జట్టును ఆడించిన పీడీ సారు చివరి నిమిషంలో ఈల తాడును వేలికి చుట్టడం మొదలుపెడితే నాకు గుబులు పట్టేది. పాయింట్లు రాసే పని నాది. అంతసేపూ సరిగ్గా ఆడించిన మనిషి, ఆ తాడు బిగిసేసరికి, ఆ రోజు ఎక్కువసార్లు పట్టుబడినవాడినే కూతకు పంపేవాడు.

ఎమ్మిగనూరులో, అక్కడి కాలేజీతోనే ఫైనల్. ఒక్క పాయింటు వెనకబడ్డాం, చివరి కూత మాది. అప్పటిదాకా ఎవరికీ దొరకని కుర్రవాడు సిద్ధంగా ఉన్నాడు. సారు మాత్రం రెండుసార్లు దొరికిన హాలహర్వి ఊరి పిల్లవాణ్ణి పంపాడు. వాడు మూడోసారీ దొరికాడు. కప్పు పోయింది.

"మీ సార్‌కు మా కాలేజీలో ఉద్యోగమిస్తాం లేప్పా!" అని ఎమ్మిగనూరు వాళ్లు అరిచారు.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "లెక్క ప్రకారం ఆ దొరకనోణ్ణి పంపల్ల గదా సార్?"

"నీ లెక్క కరెక్టేనప్పా. కానీ వీణ్ణి ఆపింటే, సార్‌కు నా మీద నమ్మకం ల్యాదని రేపట్నుంచి గ్రౌండుకే రాడు. పోయి పట్టుబడినోడు కసితో వస్తాడు."

"రాకుంటే?"

"రాకుంటే తప్పు నాదే."

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆ పిల్లవాడు అప్పటికే సున్నంతో గీతలు వేస్తున్నాడు. సారును చూడగానే లేచాడు.

"సార్, నిన్న వాడు మడమ పట్టినాడు గదా, అది ఇడిపించుకునేది ఎట్లనో సూపించండి."

సారు వేలికున్న తాడు విప్పుతూ నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు రాసుకోప్పా, మనకొక పాయింటు."