నల్లగుడ్డ ముందు హారతి

మా అమ్మ దృష్టిలో నేను చేసేది ఉద్యోగం కాదు, బొమ్మలాట. మాదాపూర్‌లో అద్దాల మేడలు కొత్తగా లేస్తున్న రోజులవి. వాటి వెనక సందులో, ఓ చిన్న స్టూడియోలో, కంప్యూటర్ మీద ప్రకటనలకు కదిలే బొమ్మలు చేసేదాన్ని. హఫీజ్‌పేట్‌లోని మా ఇంట్లో మాత్రం బ్యాంకు పరీక్ష పుస్తకాలు నా మంచం పక్కనే పేర్చి ఉండేవి. ఈ ఒక్క పని చూస్తానని, నచ్చకపోతే స్టూడియో మానేసి పరీక్షకు కూర్చోవాలని అమ్మ తేల్చి చెప్పింది.

ఆ పని ఒక బిల్డరు అపార్ట్‌మెంట్ల ప్రకటన. భవనం బొమ్మకు హారతి పట్టాలని ఆయన కోరిక. కెమెరా ముందు పళ్లెం పట్టడానికి అమ్మనే బతిమాలాను. వెనక నల్లగుడ్డ కట్టేసరికి, "శుభమా అని హారతిస్తుంటే నలుపేమిటే?" అని నొచ్చుకుంది. కంప్యూటర్‌లో ఒక బొమ్మను ఇంకోదాని మీద కలిపేటప్పుడు స్క్రీన్ అనే మోడ్ పెడితే నలుపంతా మాయమై వెలుగే మిగులుతుందని నచ్చజెప్పాను. పెట్టి చూస్తే అలాగే మిగిలింది కూడా.

బిల్డరు మంచి గడియ చూసుకుని పదకొండింటికి వస్తానన్నాడు. అమ్మ ముందే వచ్చి కూర్చుంది. నేను ఊరుకోవచ్చుగా! అమ్మ పట్టిన హారతీ, విడిగా తీసిన పొగా కలిసి మూడుసార్లు తిరిగితే బాగుంటుందని, ఆ రెండు లేయర్లనూ, అంటే పొరలనూ, మూటకట్టినట్టు వేరే కంపోజిషన్‌లో చేర్చి, దాన్ని తెచ్చి భవనం మీద పెట్టాను. తెరంతా నల్లబడింది. మంట ఉంది, భవనం లేదు. అమ్మ నావైపు చూసిన చూపుకి మాటలక్కర్లేదు.

మా సీనియర్‌ది వరంగల్ వైపు. "ఏందమ్మా గిది, బిల్డింగే మాయమైంది. హారతి తీసెయ్ ఇగ," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తియ్యనన్నాను. క్యారియర్‌లో మూతపెట్టిన చారు కింది గిన్నెలోని అన్నంతో కలుస్తుందా? లోపలి లేయర్ల మోడ్ కూడా ఆ కంపోజిషన్ లోపలే ఆగిపోయింది. ఆ మూట విప్పేస్తే నలుపు పోతుంది గానీ తిరగడమూ పోతుంది. పదకొండు కావస్తుండగా, తెర మీద ఆ కంపోజిషన్ పేరు పక్కనుండే చిన్న స్విచ్ గుర్తొచ్చింది. లోపలి లేయర్లను కిందివాటితో నేరుగా కలవనిచ్చేది అదే. నొక్కాను. నలుపు తప్పుకుంది. భవనం ముందు అమ్మ చేతులు మెరుస్తూ తిరిగాయి. బతికానురా దేవుడా అనుకున్నాను.

బిల్డరు వచ్చి కూర్చుని చూశాడు. హారతి మూడోసారి తిరగగానే లేచి, రెండు చేతులూ మానిటర్ మీదికి చాపి కళ్లకద్దుకున్నాడు. ఆయన వెనక మా సీనియరూ అద్దుకున్నాడు.

సాయంత్రం బస్సులో అమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆ బ్యాంకు పుస్తకాలు పక్కింటమ్మాయి అడుగుతోంది, ఇచ్చేస్తాలే," అంది.

రేపే ఇచ్చెయ్యమన్నాను.