అద్దం తోమితే ఊరుకోని ఎలియాసర్

"తోమావా? మళ్లీ తోమావా?"

"నా ఇల్లు, నా తొట్టి, నా చెయ్యి. మధ్యలో మీకేంటి నొప్పి?"

"చేపలకి నొప్పి. నీళ్లన్నీ మార్చేశావు కదూ?"

"అద్దమంతా గోధుమరంగు పాచి, దోన్ ఎలియాసర్. వచ్చినవాళ్లు నన్ను మురికి మనిషి అనుకోరూ?"

"అనుకోనీ. నువ్వు మురికిగా ఉంటే అవి బతుకుతాయి."

వీధి మలుపులో, నా మూడు చక్రాల బండిలో కూర్చుని విన్న గొడవ ఇది. ఎలియాసర్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఇకీతోస్‌లో ఎవరైనా కొత్త చేపల తొట్టి అద్దం తోముతున్నారని తెలిస్తే చాలు, వెళ్లి తిట్టి వస్తాడు. పిలవక్కర్లేదు. ఆయన్ని మోసుకెళ్లే ఖర్మ నాది. కాలేజీ మానేసినందుకు నాకు 'సగం చదువు' అని పేరు పెట్టాడు. నేను బండి అద్దం తుడుచుకుంటున్నా "ఎందుకురా తోముతున్నావు" అని అరిచాడొకసారి. ఇది తొట్టి కాదు బండి అని చెప్పినందుకు ఇంకా అరిచాడు. చర్చిలో తీర్థపు గిన్నె కడిగించిన ఫాదర్నీ వదల్లేదు.

ఈసారి తిట్లు తింటున్నది సొరాయిదా. భర్త పోయాక ఒంటరిది. ఆ చేపలు వచ్చాకే ఆ ఇంట్లో మళ్లీ మాట వినబడుతోంది. తోమి తోమి వాటిలో సగాన్ని చంపుకుంది.

"కొత్త తొట్టికి ఈ పాచి రావడం పసిపిల్లకి పళ్లు రావడం లాంటిది. విరేచనాలయ్యాయని పిల్లని పారేస్తావా? వదిలెయ్, అదే పోతుంది."

"సాన్ హువాన్ పండక్కి ఆడపడుచులొస్తున్నారు. ఈలోగా పోకపోతే చేపలతో సహా కాలవలో దిమ్మరిస్తా."

దారంతా ఆ కోపం నా మీద తీర్చుకున్నాడు. మర్నాడు బకెట్టులో 'బిషప్పు'ని సొరాయిదా ఇంటికి తెచ్చాడు. అది ఆయన ఏళ్లుగా పెంచుకున్న కరచామా చేప. ఒంటినిండా కవచం, అద్దానికి నోరు అంటించి పాచంతా గీకి తింటుంది. లోకంలో ఆయన తిట్టని ప్రాణి అదొక్కటే. ఇచ్చేదేదో నవ్వుతూ ఇవ్వడం చేతకాదు కదా. "ఇదిగో, ఇందులో ఉంచు. చెయ్యి మాత్రం పెట్టకు" అని తొట్టిలో వదిలి, గొణుక్కుంటూ వచ్చేశాడు. దాన్ని ఎందుకిస్తున్నాడో చెప్పొద్దూ?

పండగనాడు సొరాయిదా మా ఇద్దర్నీ భోజనానికి పిలిచింది. అద్దం తళతళలాడుతోంది. మిగిలిన చేపలు హాయిగా తిరుగుతున్నాయి. ఆడపడుచులు తొట్టి ముందునుంచి కదలడం లేదు. మా ముందు పొగలు కక్కే పులుసు గిన్నెలు.

"మీరు పండక్కిచ్చిన కరచామాయే," అంది సొరాయిదా. "వండేలోగా పొట్ట శుభ్రపడాలనేగా నీళ్లలో ఉంచమన్నారు. చెయ్యి కూడా పెట్టలేదు, వలతోనే తీశాను."

నేను నీళ్ల కూజా ఆయన చేతికి అందకుండా జరిపాను. పైకప్పు లేచిపోతుందనుకున్నా. ఆయన తొట్టి వైపు చూశాడు. గరిటె పట్టుకుని నవ్వుతున్న సొరాయిదా వైపు చూశాడు. చెంచా తీసుకుని గిన్నె అడుగుదాకా తాగాడు.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు.

బండెక్కగానే నాకు ఒళ్లు మండింది. "అద్దం తుడిస్తేనే నన్ను చంపుతారు. బిషప్పుని వండిపెడితే ఆవిణ్ని ఒక్క మాట అనరా?"

"నోర్ముయ్, సగం చదువూ. ఏమన్నా అంటే ఇంకెప్పుడైనా ఆ తొట్టి వైపు చూస్తుందా?" గొంతు తగ్గించాడు. "రేపు బజారుకెళ్లి ఇంకో కరచామా తెచ్చి అందులో వెయ్యరా. వేలెడంతది చూడు, పులుసుకి చాలనిది."