ఏ అమ్మ దయ్యమూ అలా రాదు

బడి నేను మానేశానని మా ఇంట్లో మర్యాదకు చెబుతారు. నిజానికి బడే నన్ను మానేసింది. ఏడో తరగతి రెండోసారి చదువుతుంటే పుస్తకాలకే నా మొహం చూసి విసుగొచ్చింది. అలాంటివాణ్ణి ఈమధ్య లావుపాటి నవల ఒకటి ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివాను. మా చర్చిలో తెలిస్తే కృతజ్ఞతా కూడిక పెట్టేవారు.

అది దయ్యాల నవల. సుబేదారిలో నాది ఫోన్లకు గార్డులు, కవర్లు వేసే చిన్న కొట్టు. వచ్చిన కాలేజీ పిల్లలందరి నోటా ఆ నవలే. "అన్నా, అది సదివినంక లైట్ బంద్ చేస్తే ఒట్టు, అమ్మ పక్కలనే పంటాన" అంది ఒకమ్మాయి. చనిపోయిన తల్లి కొడుకు కోసం తిరిగొస్తుందట. ఆ ముక్క వినగానే కొనేశాను. మా అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. తల్లి తిరిగొస్తే ఎలా వస్తుందో, ఏం మాట్లాడుతుందో ఎవరైనా రాస్తే చదవకుండా ఉంటానా?

అక్క అప్పటికే రోజూ ఫోన్ చేస్తోంది.

"తమ్మీ, సమాధుల పండుగ దగ్గరికొచ్చింది. అమ్మకు ఇదే మొదటిది. సున్నమెయ్యాలె, పూలు పెట్టాలె. భూస్థాపన నాడు పోయినోనివి, మళ్ళ అటు దిక్కే రాలె నువ్వు."

"పుస్తకం అయిపోనీ అక్కా, మంచి పట్టు మీదున్నది."

పట్టు ఎక్కడిది, నా బొంద! సగం నవల దాకా గాలి వీస్తూనే ఉంది. తలుపు కిర్రుమంటూనే ఉంది. అంత పెద్ద ఉద్యోగం చేసే హీరో ఆ బందులకు రెండు చుక్కల నూనె వేయడు. ప్రతి అధ్యాయం చివర అతని వెన్నులో చలి పుడుతుంది. స్వెట్టర్ వేసుకోవాలన్న తెలివి పుట్టదు.

ఇక శ్మశానం. పొగమంచు, గుడ్లగూబ, నక్క. ఈ రచయిత జన్మలో ఒక్క సమాధుల తోటకైనా పోయి ఉంటే కదా! పండుగనాడు మా తోటలో కొవ్వొత్తుల వేడికి చెమటలు కారతాయి. గేటు దగ్గర పల్లీలు, ఐస్‌క్రీములు అమ్ముతారు. పక్క సమాధి మీద బంతిపూలు ఎక్కువున్నాయని అత్తమ్మలు మూతులు తిప్పుకుంటారు. అక్కడ దయ్యం లేచినా నిలబడటానికి జాగా దొరకదు.

చివరికి తల్లి రానే వచ్చింది, జుట్టు విరబోసుకుని. మా అమ్మ వాకిట్లో పాలప్యాకెట్ తీసుకోవడానికి కూడా కొప్పు ముడిచే వెళ్ళేది. వచ్చినావిడ ఏమంది? "నేనొచ్చాను... నేనొచ్చాను..." వచ్చావని కనబడుతూనే ఉంది కదమ్మా! కొడుకు ఎన్నాళ్ళ నుంచి స్నానం చేయలేదో రచయితకే తెలియదు. సింకు నిండా ఎంగిలి గిన్నెలు. చచ్చి కూడా అంత దూరం నడిచొచ్చిన తల్లి వాటి గురించి ఒక్క మాట అడగదా? దీనికా పిల్లలు లైట్లు వేసుకుని పడుకుంటున్నది!

పండుగ ముందురోజు అక్క సున్నం బకెట్‌తో నేరుగా కొట్టుకే వచ్చింది. నేను స్టూలు మీంచి లేచి, ఆ దయ్యం నడకతో సహా నవలంతా అభినయించాను. కవర్ల కోసం వచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వారు. అక్క మాత్రం బకెట్ కింద పెట్టలేదు.

"గింత పేరున్న పుస్తకమక్కా, అండ్ల అమ్మ ఒక్క పేజీల లేదు. మనమ్మ అయితే, ఖాళీ అర్రల తిరిగే ఫ్యాన్ ముందుగాల బంద్ చేసి, నన్ను నాలుగు తిట్టి, అటెనుక భయపెడ్తుండె" అన్నాను. నవ్వుతూనే ఇంకో మాట కూడా జారింది. "నేను ఫ్యాన్ ఇడిసిపెట్టి గూడ చూసిన. రాలె."

అక్క బకెట్ నా వైపు చాపింది.

"సచ్చిపోయినామె నడిచి రావాల్నారా? కాళ్ళున్నోనివి నువ్వు. పట్టు ఈ బకెట్."