మా మగ్గమింట్లో మాంసం కాని మాంసం

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే హక్కు తల నెరిసినవాళ్ళదని నాకూ తెలుసు. నాకు నెరిసింది నాలుగు వెంట్రుకలే. వాటిలో రెండింటికి ఒకే ఒక్క శనివారం కారణం కాబట్టి ఆ మేరకు అనుమతించండి. ఆ రోజుల్లో నేను అనంతపురంలో మైక్రోబయాలజీ డిగ్రీ ముగించి, బెంగళూరులో ఒక కొత్త కంపెనీలో చేరాను. వాళ్ళు పెద్ద పెద్ద స్టీలు తొట్లలో ఒక శిలీంధ్రాన్ని (మన మాటలో బూజు, ఆఫీసులో ఆ మాట అనకూడదు) పెంచి, పిండి, ఒత్తి, అచ్చం మటన్ ముక్కలా తయారుచేసేవాళ్ళు. శాకాహారుల కోసం. మా పై అధికారిని చాటుగా ప్రోటీన్ సారు అనేవాళ్ళం. దేశంలోని శాకాహారులందరూ తరతరాలుగా మాంసం కోసం లోలోపల కుమిలిపోతున్నారని ఆయన నమ్మకం. నాకు మూడు నెలల పరీక్షాకాలం పెట్టారు. ఉద్యోగం ఖాయం కావాలంటే, అసలుసిసలు శాకాహార కుటుంబం ఒకటి ఆ ముక్క నమిలి నవ్వుతున్న వీడియో సోమవారం పొద్దుటికల్లా పంపాలి. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. ఇంతకంటే అసలుసిసలు కుటుంబం ఎక్కడ దొరుకుతుందని ఎగిరి గంతేశాను. (గంతేసింది నేనొక్కణ్ణే.)

శనివారం మధ్యాహ్నం ఐసుపెట్టెతో ఇంటికి చేరాను. ఆ రోజు మా ఇంట్లో పడుగు అతుకుతున్నారు. అంటే, మగ్గం మీద మిగిలిన పాత దారాల కొనలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే చేత్తో మెలిపెట్టి కలపాలి. వేల దారాలు. స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టి కూర్చుంటారు. మాంసం వాసన ఉన్నచోట దారం ముట్టరు. ఆ పని తెలిసిన పెద్దమ్మ (చుట్టరికమేమీ లేదు, వీధికంతా పెద్దమ్మే) ఒకవైపు, మా నాయన ఒకవైపు కూర్చుని ఉన్నారు. మా ఇంట్లో మగ్గానికీ పొయ్యికీ మధ్య అడ్డం ఒక పాత చీర తెర. మైక్రోబయాలజీ చదివినవాడికి అది చాలనిపించింది. ఫోను కిటికీలో నిలబెట్టి రికార్డింగు నొక్కాను. మా అవ్వ (నాయన తల్లి) వాడే బాణలిని పొయ్యి మీద పెట్టి, ముక్కలు వేసి, కంపెనీ మసాలా పొట్లం కత్తిరించాను. మా శాస్త్రజ్ఞులు ఏ పనీ సగం చేసే రకం కాదు. కొవ్వు కాలే వాసన కూడా అందులోనే పెట్టారు.

పెద్దమ్మ చెయ్యి ఆగింది. దారం వదిలి, లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పడుగు సగం అతికి, సగం వేలాడుతూ ఉండిపోయింది.

అవ్వ వచ్చి బాణలిలోకి తొంగిచూసి ముక్కు మూసుకుంది. మాంసం కాదవ్వా, ఇది పుట్టగొడుగు జాతి అని ధైర్యం చెప్పాను. మా ఇంట్లో పుట్టగొడుగు కూడా ముట్టరన్న సంగతి, ఇరవై రెండేళ్ళు అదే ఇంట్లో తిన్నవాణ్ణి, నాకప్పుడు గుర్తొచ్చింది.

"మాంసమయితే ఒగటే తప్పు," అంది అవ్వ. "ఇప్పుడు రెండు చేస్తివి గదరా."

నాయన తెర తీశాడు. ఆయన అరిచే మనిషి కాదు. కోపం ముదిరితే మర్యాద పెరుగుతుంది.

"యేమప్పా, ఇది మాంసం కాదంటావు."

కాదన్నాను.

"మాంసం మాదిరే ఉంటాదంటావు."

అచ్చం అలాగే ఉంటుందన్నాను, కొంత గర్వంగానే.

"మాంసం వద్దనుకునేటోనికి మాంసం మాదిరిది యాలప్పా?"

మా శిక్షణలో ఈ ప్రశ్న రాలేదు. జవాబు తెలియని చదువుకున్నవాడు చేసే పనే నేనూ చేశాను: కోపం తెచ్చుకున్నాను. ప్రపంచం ఎక్కడికో పోతుంటే మీరింకా ఈ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారని అరిచాను.

"ఆ గుంతలో కూసోనే నిన్ను సదివించినా," అన్నాడు నాయన. తర్వాత బాణలిని గుడ్డతో పట్టుకుని వీధిలో పెట్టాడు. పక్కనే నా ఐసుపెట్టె పెట్టాడు. "నీ ప్రపంచం ఆడుండాది. పో."

కిటికీలోంచి ఫోను అందుకుని, వీధిలో నిలబడి, ఆ ఒళ్ళుమంటలో, వీడియో మొత్తం కత్తిరించకుండా ప్రోటీన్ సారుకు పంపించాను. పది నిమిషాల్లో ఫోను వచ్చింది. తిట్లకు సిద్ధపడి ఎత్తాను. సారు సంబరంగా ఉన్నాడు. మగ్గం బ్రహ్మాండం, ముసలావిడ ఇంకా బ్రహ్మాండం అన్నాడు.

"మీ నాన్నగారిని అదే మాట కొంచెం నవ్వుతూ చెప్పమనండి. చివర్లో ఒక ముక్క నోట్లో వేసుకుంటే చాలు. నిజంగా మింగక్కర్లేదు."

అప్పటిదాకా నాయన మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా దారి మార్చుకుంది. నేనేమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు. సగం తెలుగు, మిగతాది బెంగళూరు బస్సుల్లో నేర్చిన కన్నడం. ఉద్యోగం సంగతి తెలుసుకోవడానికి సోమవారం దాకా ఆగనక్కర్లేకపోయింది.

ఐసుపెట్టెను వీధిలోనే వదిలి, స్నానం చేసి, మళ్ళీ లోపలికి వెళ్ళి పెద్దమ్మ చోట కూర్చున్నాను. నాయన ఎదురుగా ఉన్నాడు, నా వైపు చూడలేదు. కోపంగా ఉన్న చేత్తో మెలిపెడితే పట్టుదారం తెగుతుంది. నావి వరసగా తెగాయి. ఆయనవీ కొన్ని తెగాయి (అది చూసి లోపల కాస్త సంతోషించాను). పొద్దు వాలేవేళకు తెగడం తగ్గింది.

"మెల్లగ," అన్నాడు నాయన. ఆ సాయంత్రం మా మధ్య జరిగిన సంభాషణ అంతే.

మొన్న కళ్యాణదుర్గంలో ఒక పెళ్ళికి వెళ్తే, శాకాహారుల బంతిలో అదే సరుకు వేరే పేరుతో వడ్డించారు. ఎలా ఉందని పెళ్ళివారు అడిగితే, చాలా బాగుందండీ అని నవ్వి, ముక్కను విస్తరాకు మడతలో దాచేశాను. వీధిలో నిలబడి ఫోనులో అరిచిన ఆ కుర్రవాడు నన్ను చూసి ఉంటే రెండు భాషల్లోనూ తిట్టేవాడు. అంత కోపం ఇప్పుడు కావాలన్నా రావడం లేదు.