షాఫ్టు మీద బలపం గీత

“తలుపు దగ్గరికేసి పో అమ్మీ, చలిగాలి వస్తా ఉంది,” అన్నాడు మా మామ. “ఏసినాలే మామా, పండుకో,” అన్నాను. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. తెల్లారేసరికి ఆయన లేడు. పోయేముందు పెద్ద మాటలేమీ చెప్పలేదు. నాకు చెప్పాల్సిన మాట నా చిన్నప్పుడే, ఒక లారీ కింద కూర్చుని చెప్పాడు. అది రాయమని, నన్ను చూడను వచ్చిన మా మనవరాలిని కూర్చోబెట్టాను. నాకు సంతకం వరకే వచ్చు.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. మామ అమ్మకు తమ్ముడు. మార్కాపురంలో రోడ్డు పక్కన ఆయనకు లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. నాయన లారీలో పలకల లోడు వేసుకుని గిద్దలూరు మీదుగా నల్లమల ఘాటు రోడ్డు ఎక్కి నంద్యాల వైపు పోయేవాడు. పోయినప్పుడల్లా నన్ను షెడ్డులో దించేవాడు. నాకు తోడు పిల్లలు లేరు. పాత టైరులో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేదాన్ని. వచ్చే ప్రతి లారీ మా నాయనదే అనుకునేదాన్ని. దగ్గరికొచ్చాక కాదని తెలిసేది.

ఒకసారి లారీ వెనక ఇరుసు విరిగితే నాయన ఎక్కడినుంచో పాత ఇరుసు తెచ్చి బిగించాడు. అది వేరే కంపెనీ బండిది. ఇంజను నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టును ఇరుసుకు కలిపే చోట గుండ్రటి ఇనుప బిళ్ళ ఒకటి ఉంటుంది, ఫ్లాంజి అంటారు. దాని బొక్కలకూ షాఫ్టు బొక్కలకూ పొంతన కుదరలేదు. నాయన ఆకురాయితో బొక్కల్ని కోలగా సాగదీసి ఎట్లో బోల్టులు దిగేసి బిగించాడు. కలిసింది కానీ బండి వేగం అందుకుంటే కాళ్ళ కింద రేకు జలజలా వణికేది. ఘాటులో షాఫ్టు ఊడితే మనిషి దక్కడని మామ చెప్పాడు. నాయన నవ్వాడు. బామ్మర్దికి నా బండి విప్పకపోతే పొద్దు పోదు అన్నాడు. లోడు ఎక్కి ఉంది, ఆ పొద్దే పోవాలన్నాడు.

మామ వాదించలేదు. ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, ముందు చక్రాలకు రాళ్ళు పెట్టాడు. షాఫ్టును గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. లారీ కింద గోనెపట్టా పరిచి నన్ను రమ్మన్నాడు. నా చేతికి మెత్తటి బలపం ముక్క ఇచ్చి, మోచెయ్యి ఇటుక మీద ఆనించి, బలపం మొన షాఫ్టుకు తగిలీ తగలనట్టు ఉండేలా పెట్టాడు.

“షాఫ్టు దగ్గరికి నువ్వు పోవద్దు, దూరం జరగొద్దు. ఉన్నకాడనే ఉండు. వంకర ఉంటే అదే వచ్చి తగులుద్ది.”

తర్వాత నాయనను పిలిచి, చక్రం నువ్వే తిప్పు బావా అన్నాడు. చక్రం తిరిగితే షాఫ్టూ మెల్లగా తిరిగింది. బలపం ఒకపక్క గీసింది, ఇంకోపక్క అసలు తగల్లేదు. నాయన వంగి చూశాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆ పక్కనే తెల్లగా పడింది. నా మొహం చూశాడు, నా చెయ్యి చూశాడు. మామ మాట మీద ఆయనకు అనుమానం ఉండొచ్చు, నా చేతి మీద ఎట్ల ఉంటుంది? పోయి పానా తెచ్చుకున్నాడు.

ఫ్లాంజి విప్పి లేతు షాపుకు తీసుకుపోయారు. సాగదీసిన బొక్కలు వెల్డింగుతో పూడ్పించారు. షాఫ్టు వచ్చి కూర్చునే నడిమి గుంట వదులుగా ఉంటే, అందులో ఇనుప కడియం దిగగొట్టి సరిచేయించారు. నడిమి కుదిరాకే కొత్త బొక్కలు వేయించారు. ఆ రాత్రి నాయన ఉండిపోయాడు. నాకు అన్నం కలిపి పెట్టాడు. బండి ఎన్నాళ్ళైనా బాగుకాకుండా ఉంటే ఎంత బాగుండు అనుకుంటూ నిద్రపోయాను.

మర్నాడు మళ్ళీ బలపం పట్టుకున్నాను. ఈసారి గీత షాఫ్టు చుట్టూ దారం కట్టినట్టు సన్నగా పడింది. నాయన నా తల నిమిరి లారీ ఎక్కాడు. నాకు ఏడుపు ఆగలేదు. మామ నన్ను గోనెపట్టా మీద కూర్చోబెట్టుకున్నాడు.

“బండి వణికినా పోయేవాడే మీ నాయన. ఇట్లయితే మళ్ళొస్తాడు. మనం చేసింది ఆపేదానికి కాదమ్మీ, రప్పించుకునేదానికి.”

నాయన వచ్చాడు. అట్ల చాలాసార్లు పోయి వచ్చాడు.

పెళ్ళయ్యాక నా మొగుడు ఎండాకాలం గొర్రెలు తోలుకుని నల్లమలకు పోతే నెలల తరబడి రాడు. వద్దని నేనెప్పుడూ అడ్డం పడలేదు. చెప్పుల వారు తెగేట్టుందా, కంబళి పొడిగా ఉందా, సద్దిమూట సరిపోతుందా అని చూసి పంపేదాన్ని. ఆయన ఆఖరిసారి కాటికి పోయినప్పుడు చూసి సర్దడానికి ఏమీ లేకపోయింది. ముసలితనాన నా దగ్గరికి చేరిన మామా ఇప్పుడు లేడు. పంపడానికి నా ఇంట్లో ఎవరూ లేరు. అయినా తెలవారుజామున లేచి కూర్చుని, ఎవరికో సద్ది కట్టాలన్నట్టు చేతులు తడుముకుంటాను.

చాలమ్మా, ఇక రాయొద్దు. మొదటినుంచి నాకు చదివి వినిపించు. గట్టిగా చదువు, ఈ ఇంట్లో ఇంకో గొంతు విని చాలా రోజులైంది.