మూడు వేళ్ల గుర్రం

స్నానం చేసి చల్లటి గచ్చు మీద అడుగు పెడితే నా పాదం ముద్ర విసనకర్రలా పడుతుంది. బొటనవేలు ఒక వైపు, చిటికెనవేలు మరో వైపు, నడిమి వేళ్లన్నీ ఒక ముద్దగా. ఇంత వయసొచ్చినా ఎవరూ చూడకముందే దాన్ని తుడిచేస్తాను. తుడుస్తుంటే ఆనందరావు మాస్టారు గుర్తొస్తారు.

పంతొమ్మిది వందల ముప్ఫైలలో ఆయన ఏలూరు హైస్కూల్లో మాకు సైన్సు చెప్పేవారు. జట్కా గుర్రం తప్ప మరో గుర్రాన్ని ఎరుగని మాకు, ఒకప్పుడు నక్కంత గుర్రాలుండేవనీ, ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లతో అడవుల్లో ఆకులు మేసేవనీ, తరవాత మూడు వేళ్లవి, చివరికి ఒంటి గిట్టవి వచ్చాయనీ బోర్డు మీద బొమ్మలు వేసి చూపించారు. చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. ఆ ఉత్సాహంలోనే నోరు జారారు. కొల్లేటి లంక నుంచి చెప్పుల్లేకుండా వచ్చిన నన్ను బెంచీ ఎక్కించి, "మూడు వేళ్లవి వెనకబడి అంతరించిపోయాయిరా. ఎలా ఉండేవో తెలియాలంటే వీడి కాలు చూడండి" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి నా పేరు మూడు వేళ్ల గుర్రం. సిగ్గుతో చచ్చిపోయాను. దసరా సెలవులకు ఇంటికెళ్లి, చదువు నాకు అబ్బదని నాన్నతో చెప్పి వలల పనిలో పడ్డాను.

ఒక ఉదయం మాస్టారు దోనెలో మా లంకకు వచ్చారు. దిగీ దిగగానే బూట్లతో సహా మోకాలిదాకా బురదలో కూరుకుపోయారు. పరుగెత్తుకెళ్లి చెయ్యందించాను. ఆయన నా పాదాలకేసి చూస్తూ ఉండిపోయారు. అదే బురద మీద, వేళ్లు విచ్చుకుని, నేను దిగబడకుండా నిలబడ్డాను.

"నీకు తప్పు చెప్పానురా. ఆ మూడు వేళ్ల గుర్రాలు వెనకబడలేదు. మెత్తటి నేలకి ఆ కాళ్లే సరైనవి. నేల గట్టిపడిపోయింది, అంతే" అన్నారు. "నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను. సిగ్గుగా ఉంది. బళ్లోకి రారా."

నేను బడి ఎందుకు మానేశానో, నా వెనకే బురదలోకి వచ్చిన నాన్నకు అప్పుడే తెలిసింది. "ఆయ్, మా కాళ్లంతేనండి మాస్టారండీ. బురద కాళ్లండి" అని నవ్వి, తన పాదాలు రెండూ బురదలోకి ఇంకాస్త దించుకున్నాడు.

మళ్లీ బడికి వెళ్లాను. అదే క్లాసులో, అదే బోర్డు ముందు నిలబడి మాస్టారు ఆ మాటలే అందరికీ చెప్పారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కానీ అందరి కళ్లూ నా పాదాల మీదికే తిరిగాయి. నేను కాళ్లు బెంచీ కిందికి లాక్కున్నాను.

తరవాత నేనూ పంతులునే అయ్యాను. క్లాసులో ఎవడో ఒకడు దొరుకుతాడు, అందరినీ నవ్వించే మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు చెప్పుల్లో నా వేళ్లు విచ్చుకుంటాయి. మాట మింగేస్తాను.