చిన్న టీచరు కునుకు

పేటలో అందరూ ఆమెను చిన్న టీచరు అనే పిలుస్తారు. వయసు యాభై దాటింది, జుట్టు సగం నెరిసింది, అయినా చిన్న టీచరే. పెద్ద టీచరు వేరే ఉంది మరి. ఆవిడ ఈమెకు వదిన. లైబ్రరీ మేడమీది హాల్లో, సాయంత్రాలు, వదినా మరదళ్లిద్దరూ కలిసి పేటవాళ్లకు టాంగో నేర్పుతారు.

ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని నడిచే నాట్యం అది. ఒకరు ముందుకు నడిపిస్తారు, రెండోవారు వెనక్కి నడుస్తారు. ఆ బడి పెట్టింది అన్నయ్య. మొదట్లో అన్నాచెల్లెళ్లే జంటగా నేర్పేవారు. పక్షవాతం వచ్చి ఆయన ఎడమకాలు పడిపోయాక, కుర్చీలో కూర్చుని పాటలు పెట్టడం ఆయన పనయింది. స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన వదిన ఆయన చోట్లోకి వచ్చింది. నడిపించేది ఎవరైనా చిన్న టీచరుది మాత్రం వెనకడుగే.

పగలంతా ఆమె మందుల షాపులో కౌంటరు వెనక నిలబడే ఉంటుంది. సాయంత్రం అవే కాళ్లకు ఎత్తు మడమల బూట్లు తొడుక్కుని హాలుకెక్కుతుంది. వచ్చేవాళ్లలో సగం మంది ఆరంభశూరులు. కాలు తొక్కుతారు, సారీ అంటారు, మళ్లీ అదే కాలు తొక్కుతారు. తొక్కడం కాస్త తగ్గిందనుకునేసరికి రావడం మానేస్తారు. వాళ్ల చోట్లోకి కొత్త బూట్లొస్తాయి. మానేస్తానని చెబుదామని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. కుర్చీలో అన్నయ్య మొహం చూసి, కక్కలేక మింగలేక ఊరుకునేది.

ఒక గురువారం షాపులో కొత్త సరుకు దిగింది. రోజంతా పెట్టెలు మోసి హాలుకొచ్చింది. వదిన ఆమెను దగ్గరకు తీసుకుని నడిపిస్తూ, చుట్టూ నిలబడ్డవాళ్లకు చెబుతోంది. "వెనక్కి నడిచేవాళ్లు కళ్లు మూసుకున్నా పర్లేదండీ. ఎదుటి మనిషి మీద నమ్మకముంటే చాలు."

చిన్న టీచరు కళ్లు మూసుకుంది. వదిన భుజం వెచ్చగా ఉంది. నిజంగానే నిద్ర పట్టేసింది. మోకాళ్లు మడతపడి ఆమె కిందికి జారింది. ఆపబోయిన వదిన ఆమె మీదే పడింది.

"ఇది కూడా స్టెప్పేనా టీచర్?" అన్నాడు, భార్యతో కలిసి నేర్చుకోవడానికొచ్చే బేకరీ ఆయన. నవ్వులు లేచాయి.

"కళ్లు తిరిగాయా?" అంది వదిన కంగారుగా.

"లేదు వదినా. కునుకు పట్టింది."

"కునుకా! నా భుజం మీదా?"

"ఎక్కడ పడితే అక్కడ నిద్రొస్తోంది. ఇక నావల్ల కాదు. నన్ను వదిలెయ్యండి."

అంతమంది ముందూ నోరు జారింది. అన్నయ్య పాట ఆపేశాడు. "క్లాసయ్యాక మాట్లాడుకుందాం" అంది వదిన బట్టలు దులుపుకుంటూ. క్లాసయ్యాక మాత్రం అన్నయ్యను పట్టుకుని, మాటా పలుకూ లేకుండా మెట్లు దింపుకుపోయింది.

తర్వాత ఫోను చేస్తే వదిన ఎత్తలేదు. చిన్న టీచరు ఎంతో కోరుకున్న ఖాళీ సాయంత్రాల్లో మంచం మీద వాలింది గానీ, దిగులుకు నిద్రే రాలేదు.

వారం తిరగకుండా, షాపులో రద్దీగా ఉన్న వేళ వరసలోంచి ఒక గొంతు వినిపించింది. "మోకాళ్ల నొప్పికి ఏమన్నా ఇస్తారా?"

తలెత్తి చూస్తే వదిన.

"అన్నయ్యకా?"

"కూర్చునే మనిషికి మోకాళ్ల నొప్పేంటే? నాకే."

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లయింది. నేను కుంటితే నువ్వూ మానేస్తావని పంటిబిగువున లాక్కొచ్చా."

చిన్న టీచరు పూత మందు గొట్టం చేతికిచ్చి, "మరి అన్నయ్య?" అంది.

"బడి మూసేసి నన్ను గోడలు చూస్తూ కూర్చోమంటారా అని అలిగాడు. తిండి మానేశాడు. ఆకలేసి మళ్లీ తిన్నాడనుకో."

వెనకనున్నవాళ్లు దగ్గడం మొదలుపెట్టారు. మిగతా మాటలు షాపు మూశాక బయట అరుగు మీద జరిగాయి. చాలా ఏళ్లుగా నేర్చుకుంటున్న బేకరీ దంపతులకు కొత్తవాళ్ల క్లాసులు అప్పగించాలనీ, తామిద్దరూ వారానికొకసారి పాతవాళ్లకు మాత్రం నేర్పాలనీ అనుకున్నారు.

బేకరీ ఆయన నేర్పడం అంతంతమాత్రమే. పిండి పిసికినట్టు నడిపిస్తాడని అన్నయ్య గొణుగుతాడు. చెల్లెలి మీద కోపం కూడా ఆయనకు తొందరగా పోలేదు.

"అలిసిపోవడానికైనా నీకు కాళ్లున్నాయి" అన్నాడొక సాయంత్రం.

ఆయన అన్నదీ నిజమే, తన అలసటా నిజమే. ఆయన కుర్చీ పక్కనే కూర్చుని ఆమె బూట్లు తొడుక్కుంది.

ఆ రోజు క్లాసయ్యాక వదిన మోకాలు మొండికేసింది. అన్నయ్యను దింపే పని చిన్న టీచరు మీద పడింది. ఆయన బరువంతా ఆమె భుజం మీద వేశాడు.

"మెల్లగా, అన్నయ్యా."

"పరిగెడుతున్నానా ఏంటి?"

సగం మెట్ల దగ్గర ఊపిరందక ఆగారు. వెనకాలే గోడ పట్టుకుని దిగుతున్న వదిన కూడా వచ్చి ఆగింది. కాసేపు అక్కడే ముగ్గురూ గోడకానుకుని నిలబడ్డారు.